గొలుసు మెడలోనే ఉంచండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. ఎకరం కొబ్బరితోట ఉంది. అమ్మాయి ఇంటర్ పాసైంది. కోర్టులో స్టెనో ఉద్యోగం గ్యారంటీ అంటూ ఒక సంస్థ ఏడాది శిక్షణకు రూ.80,000 అడుగుతోంది. మూడు కాసుల గొలుసు బ్యాంకులో పెడదామనుకుంటున్నాను. ఇలాంటి శిక్షణకు ప్రభుత్వం ఏమైనా సాయం చేస్తుందా?

జవాబు: తాకట్టు వద్దమ్మా. మన జిల్లా కోర్టుల్లో స్టెనో పోస్టుకు డిగ్రీ అడుగుతారు. ఇంటర్ చదివిన పిల్లకు ఏడాదిలో ఆ ఉద్యోగం ఇప్పిస్తామన్నప్పుడే వాళ్ల గ్యారంటీ విలువ తెలిసిపోయింది.

అమెరికాలో కోర్టు రిపోర్టర్లకు, అంటే కోర్టులో మాట్లాడిన ప్రతి మాటా రాసిపెట్టేవాళ్లకు, శిక్షణ ఇచ్చే కాలేజీలకు గ్రాంట్ల కోసం 2008లో చట్టంలోనే చోటు కల్పించారు. మన దగ్గర ప్రభుత్వ సొమ్ము వేరే దారుల్లో వస్తుంది: ఐటీఐలో ఏడాది స్టెనోగ్రాఫర్ ట్రేడు, పాలిటెక్నిక్‌లో కమర్షియల్ ప్రాక్టీస్ డిప్లొమా, అర్హులకు డిగ్రీ ఫీజు రీయింబర్స్‌మెంటు. మీకు నప్పేది చివరిదే. పగలు ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ, సాయంత్రం దగ్గర్లోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండు.

ఈ విద్యలో ఖరీదైనది ఫీజు కాదు, సాధన చేసే నెలలు. షార్ట్‌హ్యాండు లోయర్ గ్రేడు పరీక్షకు నిమిషానికి 80 మాటలు, హయ్యర్ గ్రేడుకు 120. ఆ రెంటి మధ్య దూరం ఏడాదిలో దాటేయడం అందరివల్లా కాదు. డిగ్రీ మూడేళ్లూ అందుకు పనికొస్తాయి. ఈలోగా 18 నిండితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే స్టెనో పరీక్ష రాయవచ్చు. దానికి ఇంటర్ చాలు. అందులో గ్రేడ్ డి పోస్టుకు నిమిషానికి 80 మాటల వేగం, గ్రేడ్ సి పోస్టుకు 100.

ఇక డబ్బు. 80,000 మీద నూటికి తొమ్మిది వేసుకున్నా ఏడాదికి వడ్డీయే 7,200. దాని బదులు కొబ్బరికాయ దింపిన ప్రతిసారీ, దింపు దింపుకీ 3,000 అమ్మాయి పొదుపు ఖాతాలో వేయండి. ఏడాదికి ఆరు దింపులనుకుంటే 18,000. ఇన్‌స్టిట్యూట్ ఫీజు, పరీక్ష ఫీజు, పుస్తకాలు అందులోంచే. రికరింగ్ డిపాజిట్ మాత్రం వద్దు. అది నెలనెలా కట్టమంటుంది, కాయ నెలనెలా దిగదు కదా.

ఒక్క భయం ఉంది. కేరళ జిల్లా కోర్టుల్లో 2025 నవంబరు నుంచి సాక్షుల వాంగ్మూలాలు రాసే పనికి కృత్రిమ మేధను తప్పనిసరి చేశారు. ఆ గాలి ఇటూ రావచ్చు. డిగ్రీ వదలవద్దని ఇంత గట్టిగా చెప్పడం అందుకే.

ఆ సంస్థవారు మళ్లీ ఫోను చేస్తే, గ్యారంటీ మాటను స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.