యుకులేలే మీద పాటా, కార్డులూ కలిపి వాయించడం ఎలా?

విజయనగరంలో వయొలిన్ మీద గీతాల దాకా వచ్చాననీ, యుకులేలే (బుల్లి గిటార్ లాంటిది) మీద కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, బాగానే పడుతున్నా, పాటా కార్డులూ కలిపితే పాట మాయమైపోతోందనీ రాశారు.

తప్పు మీ చేతిది కాదండీ, జి, సి, ఇ, ఎ అనే నాలుగు తీగల్లో జి తీగది. మామూలు శ్రుతిలో అది పక్కనున్న సి, ఇ తీగల కన్నా హెచ్చు. పాట ఆ రెండు తీగల మీద నడుస్తుంటే, కార్డు మీటగానే జి దాని నెత్తినెక్కి మోగుతుంది. అన్నిటికన్నా హెచ్చు స్వరాన్నే చెవి పాట అనుకుంటుంది.

అందుకే పాటని ఎ తీగ మీదికి ఎక్కించండి. మూడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల మెట్టు) సా అనుకుంటే 5 రి, 7 గ, 10 ప, 12 ద. పై సా తప్ప మోహన రాగం అంతా ఒక్క తీగ మీదే. కార్డులు జి, సి, ఇ, ఎ వరుసలో, ఒక్కో తీగ మీద నొక్కాల్సిన ఫ్రెట్ అంకెతో (0 అంటే నొక్కకుండా): సాకి 0003, రికి 4235, గకి 5437, పకి 9-7-8-10.

అందరూ తడబడేది రి నుంచి గకి వెళ్లేటప్పుడు. నాలుగు వేళ్లూ ఒకేసారి ఎత్తేస్తారు, పాట తెగిపోతుంది. ఉంగరపు వేలు జి తీగ మీదే 4 నుంచి 5కి, చిటికెన వేలు ఎ తీగ మీదే 5 నుంచి 7కి జారాలి. సి, ఇ తీగల మీద చూపుడు, మధ్య వేళ్లు మాత్రమే చోట్లు మార్చుకుంటాయి. ముందు చిటికెన వేలు ఒక్కదాంతో రి-గ జారించండి, తక్కినవి తర్వాత. బొటనవేలు జి నుంచి కిందికి దిగి, ఎ తీగని కాస్త గట్టిగా మీటాలి.

ప్రతి స్వరానికీ కార్డు అక్కర్లేదు. నెట్‌లో దొరికే ట్యాబులు (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసినవి) అక్షరం అక్షరానికీ ఒకటి కుక్కుతాయి, వినలేం. ఆది తాళంలో దెబ్బ పడే 1, 5, 7 చోట్ల చాలు. గమకం ఉన్నచోట కార్డు వదిలేసి ఒంటి తీగే పలికించండి. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊళ్లో ఈ కార్డులేటని విసుక్కునేవాళ్లుంటారు. వయొలిన్ మాత్రం ఇక్కడ పుట్టిందా ఏటి?

ఇంకోటి, చౌక వాయిద్యాలు మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర బుద్ధిగా ఉండి, పైకెళ్లాక అపశ్రుతి పలుకుతాయి. కొట్టులోనే ఎ తీగని పన్నెండో ఫ్రెట్ కమ్మీ మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలక్కపోతే కొనొద్దు.