ల్యాప్‌టాప్ కొనాలా, క్లౌడ్ గేమింగ్‌ను నమ్ముకోవాలా? ఫైబర్ లాగేవాడి జవాబు

ప్రశ్న: "కడపలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌కి నాన్న 70 వేలు ఇస్తానన్నారు. ఫ్రెండ్స్ ఏమో గ్రాఫిక్స్ కార్డుల కాలం అయిపోయింది, ఇంక అంతా క్లౌడ్‌లోనే ఆడతారు, మామూలు ల్యాప్‌టాప్ తీసుకో చాలు అంటున్నారు. నిజమేనా?"

జవాబు:

మాది అనంతపురం. కేబుల్ ఆఫీసులో ఇంటర్నెట్ లైన్ల పని నాది. స్తంభం మీద నుంచి ఇంట్లోకి ఫైబర్ లాగడం, తెగితే అతకడం, నెట్ స్లో అని ఫోనొస్తే పోయి చూడడం. రాత్రి ఇంటికొచ్చినాక నేనూ ఆడతాను. మీ ఫ్రెండ్స్ మాటలో సగం నిజముంది. క్లౌడ్ అంటే గేము కంపెనీవాళ్ళ సర్వర్‌లో నడుస్తుంది, బొమ్మ మాత్రం నెట్‌లో వీడియోలా మన తెర మీదికొస్తుంది. గేము బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కొనలేనివాళ్ళకి అది మంచి దారే. కానీ దాంతో కార్డుల కాలం అయిపోతుందంటే నేను ఒప్పుకోను. నేను రోజూ చూసే లైన్ల వైపు నుంచి కారణం చెప్తాను.

సినిమా చూసేటప్పుడు యాప్ కొంత భాగం ముందే దించి పెట్టుకుంటుంది. మధ్యలో రెండు సెకన్లు లైన్ పోయినా మీకు తెలీదు. గేముకి ఆ వెసులుబాటు లేదు. మీరు బటన్ నొక్కేదాకా తర్వాత బొమ్మ ఎలా ఉండాలో సర్వర్‌కే తెలీదు. మీ నొక్కు ముంబయికో చెన్నైకో పోవాలి, అక్కడి మిషన్ బొమ్మ గీయాలి, దాన్ని వీడియోగా కుదించి పంపాలి, మీ టీవీయో ల్యాప్‌టాపో దాన్ని విప్పి చూపాలి. సెకనుకి 60 ఫ్రేములు (అంటే 60 బొమ్మలు) కావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్ల లైనుకి పోనూ రానూ 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎన్ని కోట్లు పోసినా ఈ 10 తగ్గదు. సర్వర్‌ని దగ్గరికి తెచ్చి పెట్టుకోవడం ఒక్కటే మార్గం. మధ్యలో ఉండే రౌటర్లూ, లైను చుట్టు తిరిగి పోవడమూ దీనికి అదనం.

ఇదంతా విని సమస్య ముంబయిలో ఉందనుకుంటారు. నా అనుభవంలో మాత్రం నూటికి తొంభై పాళ్ళు హాల్లోనే ఉంటుంది.

మొన్నామధ్య పాతూరులో ఒకింటికి పోయినా. ఇంటర్ చదివే పిల్లోడు టీవీలో క్లౌడ్ మీద కారు రేసు ఆడుతున్నాడు. తలుపు తీస్తూనే "ఏం నెట్ అన్నా ఇది, బొమ్మంతా ముక్కలు ముక్కలైతాంది" అన్నాడు. వాళ్ళది 100 ఎంబీపీఎస్ ప్లాను. ముందు ఫైబర్ పీకి, వెలుగు బలం కొలిచే పవర్ మీటర్‌కి పెట్టి చూసినా, మైనస్ 19 డీబీఎం. బంగారం లాంటి సిగ్నల్ అది. మైనస్ 27 కంటే కిందికి పడిపోతేనే మా బాక్సులు తడబడతాయి. తర్వాత నా ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలిపి పింగ్ పెట్టినా, అంటే ఒక చిన్న సందేశం సర్వర్‌ దాకా పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో చూసినా. 30, 31, 30, 30, అట్లే నిలకడగా ఉంది. కేబుల్ పీకి వైఫైలో పెడితే 31, 34, 30, 180, 33, 240. ఆ 180, 240 వచ్చినప్పుడల్లా టీవీలో కారు ముక్కలవుతోంది. స్పీడ్ టెస్టులో వచ్చే స్పీడు అంకెలో ఇవేవీ కనపడవు. అది చూపేది సగటే కాబట్టి అక్కడ 90 అని చక్కగా వస్తుంది.

చూస్తే రౌటర్ ఇనప బీరువా వెనకాల ఉంది. టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి తగులుకుని ఉంది. ఆ సందులో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి, చుట్టుపక్కల రౌటర్లన్నీ ఆ కొద్ది ఛానెళ్ళ మీదే కొట్టుకుంటుంటాయి. రౌటర్ని షోకేసు మీదికి మార్చి, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి పెట్టినా. చాలావరకు సర్దుకుంది. ఆఖరికి గోడవార లాన్ కేబుల్ కూడా లాగితే కారు రేసు నున్నగా పోయింది. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది, గేముకి అది బోలెడు. "ఇంతసేపూ దీనికేనా నాయనా" అని వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. పిల్లోడు వెంటనే తుపాకీ ఆట పెట్టి, "కాలుస్తాంటే చెయ్యి బరువుగా ఉన్నట్టుందన్నా" అన్నాడు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేస్తే కొంత తేలికైంది. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మని అందంగా చూపడానికి దానికి మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది, అందులో పదుల మిల్లీసెకన్లు పోతాయి. అయినా పూర్తిగా పోలేదు. పోదు కూడా. మలుపులో కారు తిప్పడానికి నాలుగైదు ఫ్రేముల ఆలస్యం చేతికి అలవాటైపోతుంది. ఎదురుగా పీసీ ముందు కూర్చున్నవాడితో కాల్పుల్లో పోటీ పడేటప్పుడు మాత్రం ఆ నాలుగు ఫ్రేముల్లోనే మీ పని అయిపోతుంది. కథ నడిచే ఆటలు, టర్నుల ఆటలు, క్రికెట్ మేనేజర్ లాంటివి అయితే క్లౌడ్‌కి బాగా సరిపోతాయి. పోటీ ఆటలు ఆడేవాళ్ళు సొంత మిషన్ వదలరు.

లైన్లు రోజురోజుకీ బాగుపడుతున్నాయి కాబట్టి పదేళ్ళలో ఈ బాధలు తగ్గుతాయనే అనుకుందాం. అప్పుడైనా క్లౌడ్ అన్నిటినీ మింగేస్తుందా అంటే, అక్కడ ఇంకో లెక్క అడ్డం వస్తుంది. మా ఆఫీసులో ఇళ్ళకి ఫైబర్ పంచే ఒక్కో పోర్టుకి (జీపాన్ అంటాం) 2.5 గిగాబిట్లు. దాన్ని స్ప్లిటర్లతో 32, 64 ఇళ్ళకి పంచుతాం. అందరికీ 100 ఎంబీపీఎస్ అని అమ్ముతాం. గుణిస్తే లెక్క కుదరదు, అయినా నడుస్తుంది, ఎందుకంటే అందరూ ఒకేసారి మొత్తం లాగరు. 64 ఇళ్ళూ కలిసి 20 ఎంబీపీఎస్ చొప్పున గేము పెట్టినా 1.3 గిగాబిట్లే, పోర్టు తట్టుకుంటుంది. తట్టుకోలేనివి రెండు: ఆఫీసు నుంచి పైకి మేం కొనే బ్యాండ్‌విడ్త్, క్లౌడ్ కంపెనీ దగ్గరుండే గ్రాఫిక్స్ కార్డులు.

సినిమా ఉగ్గాణి లాంటిది. పొద్దున్నే గంగాళం నిండా కలిపి పెట్టుకుంటే వచ్చినోళ్ళందరికీ అందులోంచే పెట్టొచ్చు. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు నెట్ కంపెనీల దగ్గరే తమ సర్వర్లు పెట్టి చేసేది అదే. గేము దోసె. అడిగినాకే పోయాలి, ఒక్కో దోసె ఒక్కరికే. ఒకరు ఆడుతున్నంతసేపూ ఒక కార్డులో కొంత భాగం వాళ్ళకే కట్టేసి ఉండాలి. అందరూ ఆడేది రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకానే. ఆ మూడు గంటల కోసం కొన్న కార్డులు మధ్యాహ్నం ఖాళీగా పడుంటాయి. అమెరికాలో ఖాళీగా ఉన్నవి మనకి వాడదామంటే దూరం ఒప్పుకోదు. కార్డులు తయారుచేసే ఎన్విడియా కంపెనీయే తన క్లౌడ్ గేమింగ్ సర్వీసు జీఫోర్స్ నౌలో 2025 నుంచి కొత్త సభ్యులకి నెలకి 100 గంటల హద్దు పెట్టింది. కార్డులు సొంతంగా చేసుకునేవాళ్ళకే గంటలు లెక్కపెట్టుకోవాల్సి వస్తే మిగతావాళ్ళ సంగతి చెప్పేదేముంది.

ఈ "ఇదే భవిష్యత్తు" అనే మాట కొత్తది కూడా కాదు. అమెరికాలో ఆన్‌లైవ్ అని 2010లో ఇదే మాటతో మొదలై 2015లో మూతపడింది, దాని పేటెంట్లు సోనీ కొనుక్కుంది. గూగుల్ స్టేడియా 2019 నవంబరులో వచ్చి 2023 జనవరిలో పోయింది, మన దేశానికి రానేలేదు. పోతూ పోతూ కొన్న గేములకీ కంట్రోలర్లకీ డబ్బు వెనక్కిచ్చారు, అది మెచ్చుకోవాల్సిందే. 2022లో సోనీ ప్లేస్టేషన్ ప్లస్ కొత్త ప్లాన్లు తెచ్చినప్పుడు కూడా మనకి స్ట్రీమింగ్ లేని డీలక్స్ ప్లానే ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ క్లౌడ్ 2020లో బయట మొదలైతే మన దేశానికి వచ్చింది 2025 నవంబరులో.

అట్లని తీసిపారేసే విషయమూ కాదు. గేములు చేసే యాక్టివిజన్ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనబోతే 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ అడ్డం పడింది క్లౌడ్ గేమింగ్ కారణంగానే. క్లౌడ్ హక్కులు 15 ఏళ్ళకి యూబీసాఫ్ట్ అనే ఇంకో గేము కంపెనీకి ఇచ్చేసినాకే అక్టోబరులో ఆ కొనుగోలు తెమిలింది. అంత పెద్ద బేరం ఆగిందంటే ఇందులో ఏదో ఉన్నట్టే. నాకు తోచినంతలో రాబోయేది కలగలుపు. మైక్రోసాఫ్ట్ విమానాల గేము చూడండి: ప్రపంచ పటమంతా వాళ్ళ సర్వర్‌లో ఉంటుంది, మీరు ఎగిరే చోటు ముక్క మాత్రం దిగుతుంది, బొమ్మ గీసేది మీ మిషనే. 2024 నవంబరులో కొత్తది వదిలిన రోజు జనం ఎగబడి సర్వర్లు మొరాయించాయనుకోండి, అది వేరే సంగతి.

మన ఊళ్ళలో క్లౌడ్‌కి ఒక లాభం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కరెంటు. గేమింగ్ పీసీ మూడు నాలుగు వందల వాట్లు తింటుంది, మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఎంతోసేపు రాదు. రౌటర్, చిన్న ల్యాప్‌టాప్ అయితే హాయిగా నడుస్తాయి. వీధిలో ఉండే స్ప్లిటర్‌కి అసలు కరెంటే అక్కర్లేదు. మా ఆఫీసులో బ్యాటరీలు నిలబడితే మీ ఆట నిలబడుతుంది. కాకపోతే ఏప్రిల్, మే నెలల్లో గాలివానకి కొమ్మ విరిగి ఫైబర్ మీద పడినా, రోడ్డు పనిలో జేసీబీ తవ్వినా, ఉడత కొరికినా ఆ పూటకి క్లౌడ్ లేదు. సొంత మిషన్‌లో గేము దించి ఉంటే ఆడుకుంటూ కూర్చోవచ్చు. ఉడత అంటే నవ్వకండి, నేను అతికే తెగుళ్ళలో వాటి వాటా తక్కువేం కాదు.

మొబైల్ డేటా మీద ఆశ పెట్టుకోకండి. 15 ఎంబీపీఎస్ చొప్పున గంటకి 6.75 జీబీ అవుతుంది. రోజుకి 2 జీబీ హద్దున్న ప్లాను 18 నిమిషాలు కూడా రాదు. హాస్టల్ వైఫై గురించి నేను చెప్పాల్సిన పని లేదనుకుంటా.

గేము ఎవరిది అనే విషయం కూడా ఆలోచించండి. జీఫోర్స్ నౌలో మీరు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల కొట్టులోనో ఇంకోచోటో కొన్న గేమునే తెచ్చుకుని ఆడాలి. 2020 ఫిబ్రవరిలో అది అందరికీ తెరిచిన కొద్ది రోజులకే యాక్టివిజన్ బ్లిజార్డ్ తన గేములన్నీ అందులోంచి తీయించేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకి గేము ఉంది, అక్కడ ఆడే వీలు పోయింది. నెలచందా మీద ఇచ్చేవాటిలో అయితే గేము ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో వాళ్ళిష్టం. మా ఊళ్ళో పిల్లలు ఇప్పటికీ ప్లేస్టేషన్ డిస్కులు ఆడేసి సగం ధరకి ఇంకొకరికి అమ్ముకుంటారు. క్లౌడ్‌లో ఆ బేరమే లేదు.

ఇంక మీ 70 వేలు. బీటెక్ అంటున్నారు కాబట్టి ల్యాప్‌టాప్ ఎలాగూ కావాలి. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్నదే తీసుకోండి, మధ్యరకంది చాలు. ప్రాజెక్టుకి క్యాడ్ వచ్చినా మెషిన్ లెర్నింగ్ వచ్చినా అదే పనికొస్తుంది, మీ నాన్నగారికి చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో లేదో అడిగి కొనండి. దానికి మోయలేని పెద్ద గేము ఏదైనా వస్తే ఆ నెలకి మాత్రం క్లౌడ్ చందా కట్టి, ఆట అయిపోగానే ఆపేయండి. ఏడాది ప్లాన్ జోలికి పోవద్దు.

చందా కట్టే ముందు రాత్రి తొమ్మిదికి, పగలు కాదు, లాన్ కేబుల్ పెట్టి ఒక పది నిమిషాలు పింగ్ వదిలి చూడండి. అంకె 40 ఉన్నా పర్లేదు, 40 దగ్గరే నిలబడితే ఆడొచ్చు. 20 ఉండి మధ్యమధ్యలో 200 ఎక్కుతుంటే దండగ. కేబుల్‌లో కూడా అట్లే ఎగురుతుంటే మీ నెట్ వాళ్ళకి ఫోన్ చేసి, స్పీడు సంగతి ఎత్తకుండా, "బాక్స్ దగ్గర పవర్ ఎంతుందో మీటర్ పెట్టి చూడండి" అనండి. ఆ మాటంటే మాలాంటివాళ్ళం కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తాం. టీవీలో ఆడాలనుకుంటే దాని మోడల్ కింద రాయండి, గేమ్ మోడ్ ఏ మెనూలో దాక్కుందో చూసి చెప్తా.