లిసియన్ వే నడకకు ముందు నెల మార్చండి, తర్వాత మోకాలి సంగతి

అన్నా, రెండు వారాల సెలవు పెట్టి జూన్‌లో టర్కీలో సముద్రతీరం వెంట సాగే లిసియన్ వే నడకదారి మొత్తం నడవాలనుందని, కానీ ఇక్కడ హన్మకొండలో మెట్లు దిగేటప్పుడే మోకాలు నొస్తోందని రాశారు కదా. జూన్ మాత్రం వద్దు. ఓరుగల్లు ఎండలు మనకు అలవాటే, కానీ నీడలేని రాతి కొండ మీద బరువు మోస్తూ ఎక్కడం వేరు. ఏప్రిల్ గానీ అక్టోబర్ గానీ పెట్టుకోండి.

ఫెతియే వైపు నుంచి అంతాల్యా వైపు వెళ్ళే ఆ దారి 500 కిలోమీటర్ల పైనే. రెండు వారాల్లో అంతా ముగించాలని పరుగెత్తితే మోకాలికే నష్టం. ఫెతియే దగ్గరి ఒవాజిక్‌లో మొదలుపెట్టి కబాక్, పతారా మీదుగా వెళ్ళగలిగినంత వెళ్ళండి. సముద్రం పక్కనే నిలువుగా లేచే కొండలు ఆ భాగంలోనే చూస్తారు, నాకైతే అదే అసలైన అందం.

నొప్పి దిగుడులోనే వస్తోంది కాబట్టి సాధన కూడా దిగుడు మీదే చేయాలి. ఆదివారాలు రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు వెళ్ళి, రెండు చేతికర్రలతో, చిన్న అడుగులతో మెల్లగా దిగండి. మొదట ఖాళీ బ్యాగు, తర్వాత కొద్దికొద్దిగా బరువు.

దారి పొడుగునా దారి చూపే గుర్తులుగా ఎరుపు తెలుపు గీతలుంటాయి. అవి చాలాసేపు కనిపించకపోతే చివరి గుర్తు దాకా వెనక్కి రండి. తొట్లలో దొరికే నీళ్ళు ఫిల్టర్ చేయకుండా తాగొద్దు.

మోకాలు వాస్తుంటే మాత్రం ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి, ఆ తర్వాతే టికెట్.