నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు, పైగా ఎక్కువసేపు మరిగించిన కొద్దీ ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కాచడం వల్ల చచ్చేది క్రిములే. ఫ్లోరైడ్ అలా కాదు, గ్రానైట్ లాంటి రాళ్లలోంచి కరిగి బోరు నీళ్లలో చేరే ఖనిజం కాబట్టి నీళ్లు ఆవిరైపోయినా అది గిన్నెలోనే ఉండిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు రెండు లీటర్లు పొయ్యి మీద పెట్టి ఒక లీటరు అయ్యేదాకా మరిగించారనుకోండి, మిగిలిన లీటరులో దాదాపు 4 మిల్లీగ్రాములుంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం వేరే నీళ్లు దొరకని చోట కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి కదా, మంచివే అనుకుంటారు. ఫ్లోరైడ్‌కి రంగూ వాసనా ఉండవు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేదు. ఆర్‌ఓ గానీ, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ గానీ కావాలి, లేదా పటిక, సున్నం లెక్క ప్రకారం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం పరీక్ష వాయిదా వేయకండి, ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద పడిన గార మచ్చలు, వంగిన ఎముకలు మళ్లీ మామూలు కావు.