అబ్జర్వేషన్ డెక్‌కు అన్నింటికన్నా పై అంతస్తు టికెట్టే కొనాలా? ఏ వేళకు వెళ్లాలి?

ఎత్తైన భవనం పైనుంచి నగరాన్ని చూసే అబ్జర్వేషన్ డెక్‌కు వెళ్లేటప్పుడు, ఎక్కువ డబ్బు పెట్టి అన్నింటికన్నా పై అంతస్తుకే వెళ్లాలా, రోజులో ఏ వేళ మంచిది అని మీరు అడిగారు. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా, న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, రాక్‌ఫెల్లర్ సెంటర్ డెక్‌లు చూసిన అనుభవంతో చెబుతున్నాను: అంతస్తు కన్నా వేళే ముఖ్యం, వేళ కన్నా కూడా ఆ రోజు గాలి ఎంత తేటగా ఉందన్నది ముఖ్యం.

ఎత్తు పెరిగినంత వేగంగా చూపు మేర పెరగదు. క్షితిజం ఎంత దూరాన ఉంటుందనేది ఎత్తు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 100 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 36 కిలోమీటర్లు కనిపిస్తే, దానికి నాలుగు రెట్లయిన 400 మీటర్ల నుంచి కనిపించేది సుమారు 71 కిలోమీటర్లే. బుర్జ్ ఖలీఫాలో 124వ అంతస్తు డెక్ సుమారు 450 మీటర్ల ఎత్తులోను, 148వ అంతస్తు డెక్ 555 మీటర్ల ఎత్తులోను ఉన్నాయి. లెక్క ప్రకారం మొదటిదాని నుంచి సుమారు 76 కిలోమీటర్లు, రెండోదాని నుంచి 84 కిలోమీటర్లు కనిపించాలి. ఎడారి దుమ్ము, సముద్రపు తేమ కలిసి కమ్ముకున్న రోజున క్షితిజమే కనిపించదు కనుక, ఆ 8 కిలోమీటర్ల తేడా లెక్కలోనే మిగిలిపోతుంది. పై అంతస్తు టికెట్‌కు మరో ప్రయోజనం ఉంది. అక్కడ జనం తక్కువగా ఉంటారు. రద్దీ భరించలేనివారు దానికోసం కొనుక్కోవచ్చు.

మరీ పైకి వెళ్లే కొద్దీ నగరం పటంలా మారి, అందులోని జీవం కనుమరుగవుతుందని నాకు గట్టిగా అనిపించింది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 86వ అంతస్తు డెక్ సుమారు 320 మీటర్ల ఎత్తులో, ఆరుబయట ఉంటుంది. అక్కడ నిలబడితే వీధిలో పసుపు టాక్సీల కదలిక తెలుస్తుంది, చల్లగాలి ముఖానికి తగులుతుంది. అంతకన్నా తక్కువ ఎత్తులో, 260 మీటర్ల దగ్గర ఉన్న రాక్‌ఫెల్లర్ సెంటర్ 70వ అంతస్తే నాకు ఇంకా నచ్చింది. ఎందుకంటే ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎక్కినవారికి ఆ భవనం తప్ప మిగతా నగరమంతా కనిపిస్తుంది. రాక్‌ఫెల్లర్ సెంటర్ నుంచి చూస్తే దక్షిణాన అదే ఎదురుగా నిలబడి ఉంటుంది, ఉత్తరాన సెంట్రల్ పార్క్ మొత్తం పరుచుకుని ఉంటుంది. ఒక నగరానికి గుర్తుగా నిలిచిన భవనం ఉంటే, దాన్ని ఎక్కడం కన్నా దానికి ఎదురుగా ఉన్న మరో భవనం ఎక్కడమే మంచిదన్నది నా అభిప్రాయం.

ఇక వేళ సంగతి. సూర్యాస్తమయానికి గంట ముందే డెక్ మీద ఉండేలా చూసుకోండి. టికెట్ మీద రాసే సమయం సాధారణంగా లోపలికి ప్రవేశించేది మాత్రమే. ఆ తరువాత భద్రతా తనిఖీ, లిఫ్ట్ క్యూ ఉంటాయి గనుక, ఆ వ్యవధిని కూడా కలుపుకుని సమయం ఎంచుకోవాలి. ఎత్తు మీద సూర్యుడు నేల మీద కన్నా ఆలస్యంగా అస్తమిస్తాడు. రంజాన్ మాసంలో బుర్జ్ ఖలీఫా 80వ అంతస్తు పైన నివసించేవారు రెండు నిమిషాలు, 150 పైన ఉన్నవారు మూడు నిమిషాలు ఆగి ఉపవాసం విరమించాలని దుబాయ్ మతపెద్దలు 2011లో సూచించారు కూడా. సూర్యుడు దిగిపోగానే చాలామంది లిఫ్ట్ వైపు వెళ్లిపోతారు. దయచేసి మీరు వెళ్లకండి. తరువాతి అరగంటలో ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే కింద దీపాలు ఒక్కొక్క వీధిగా వెలుగుతాయి. మొత్తం సందర్శనలో చూసి తీరవలసింది అదే. పూర్తిగా చీకటి పడ్డాక లోపలి దీపాలు అద్దంలో ప్రతిఫలించి చూపుకు అడ్డొస్తాయి. ఫొటో తీయాలంటే ఫ్లాష్ ఆపి, లెన్స్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ ముదురు రంగు గుడ్డ అడ్డం పెట్టండి. ట్రైపాడ్‌ను చాలా డెక్‌లలో అనుమతించరు.

చిన్నపిల్లలు, వృద్ధులు వెంట ఉంటే మాత్రం ఉదయం తెరిచిన వెంటనే వెళ్లడం మేలు. లిఫ్ట్ దాదాపు ఒక్క నిమిషంలో పైకి చేర్చే భవనాలలో గాలి పీడనం ఒక్కసారిగా తగ్గి చెవులు మూసుకుపోయినట్లవుతాయి. పెద్దలకు గుటక వేస్తే చాలు. పసిపిల్లలకు లిఫ్ట్‌లో పాలు పట్టండి. ఎత్తంటే భయపడేవారిని లోపలి గోడ దగ్గర కాసేపు నిలబెట్టి, మొదట దూరంగా క్షితిజాన్ని చూడమనండి. షికాగోలోని విల్లిస్ టవర్ 103వ అంతస్తులో ఉన్నటువంటి గాజు నేల మీదికి రమ్మని వారిని ఎవరూ బలవంతపెట్టకూడదు.

చివరగా టికెట్ విషయం. మబ్బులు కమ్మి ఏమీ కనిపించకపోయినా చాలాచోట్ల డబ్బు వాపసు ఇవ్వరు. అందుకని తేదీ మార్చుకునే వీలున్న టికెట్ దొరికితే, కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి; వాన పడి వెలిసిన రోజు వస్తే దానికి మార్చుకోండి.