ఫీడ్ కంపెనీ ఉద్యోగం వదిలి స్వతంత్ర ఆక్వా టెక్నీషియన్‌గా నిలదొక్కుకోవచ్చా?

ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్‌సీ చదివి ఫీడ్ కంపెనీలో కొన్నేళ్లుగా పనిచేస్తున్న మీరు, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా రొయ్య రైతులకు సలహాలిస్తూ బతకవచ్చా, బతికినా అది పది కాలాలపాటు నిలుస్తుందా అని అడిగారు. నిలుస్తుంది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల రొయ్యల గుంటల మీద చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నవాడిగా ఆ మాట చెప్పగలను. అయితే మీ రుసుము ఎవరి చేతి నుంచి రావాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. నా అనుభవంలో ఈ వృత్తిలో మిగిలినవారికీ తప్పుకున్నవారికీ తేడా అక్కడే వచ్చింది.

మన ప్రాంతంలో చిన్న రైతు మేతనూ మందులనూ ఎక్కువగా అప్పు మీద తెచ్చుకొని, పట్టుబడి (గుంటలోని రొయ్యలను పట్టి అమ్మడం) అయ్యాక తీరుస్తాడు. అప్పిచ్చిన దుకాణదారుకు తన సరుకు చెల్లడం ముఖ్యం కనుక, సలహా చెప్పే టెక్నీషియన్‌కు అమ్మకంలో కొంత వాటా ఇవ్వజూపుతాడు. ఉత్త మాటకు డబ్బివ్వడానికి రైతు వెనకాడే రోజుల్లో ఆ వాటా చాలా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. దాన్ని తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో చాలాసార్లు సరైన సలహా ‘ఏ మందూ వద్దు’ అన్నదే అవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. రొయ్యలు మేత ఎంత తింటున్నాయో చూడటానికి నీటిలో ఉంచే చెక్ ట్రే పైకి లాగితే మేత సగం మిగిలి ఉంటుంది, నీటి మీద తెల్లటి దారాల్లాంటి మలం తేలుతుంటుంది, రొయ్యను వెలుతురుకు పట్టి చూస్తే పేగు తెల్లబడి అక్కడక్కడా తెగినట్లు కనిపిస్తుంది. ఇలాంటి గుంటల్లో తరచుగా ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉంటుంది, కొన్నిటిలో విబ్రియో బాక్టీరియా కూడా తోడవుతుంది. ఈహెచ్‌పీని పూర్తిగా పోగొట్టే మందు లేదు. నమూనాను పీసీఆర్ (రోగకారక జన్యుపదార్థాన్ని గుర్తించే) పరీక్షకు పంపడం, మేత తగ్గించడం, అడుగు శుభ్రంగా ఉంచడం, ఎదుగుదల ఆగిపోతే నష్టం పెరగకముందే పట్టుబడి చేయించడం, తర్వాతి పంటకు ముందు గుంటను ఎండబెట్టి దున్ని హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి తడపడం, పరీక్ష చేసిన సీడ్‌నే (రొయ్య పిల్లలనే) వదలడం, ఇంతే చేయగలం. ఇలా చెప్పి లేచినప్పుడు, “మందేమీ రాయకుండా పోతుండావే అబ్బయా” అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఆ పంటలో ఆయనకు పెద్దగా మిగల్లేదు, కానీ వృథా మందుల ఖర్చు తప్పిందని ఆయనే లెక్క వేసుకున్నారు. తర్వాత తన బంధువుల గుంటలకు నన్ను పిలిపించారు. అమ్మకంలో వాటా తీసుకునే మనిషి ఆ రోజు ఆ మాట చెప్పగలడా అన్నది ఆలోచించండి.

రుసుమును ఎకరాకు నెలకు ఇంత అని నిర్ణయించి, మొదటి విడత సీడ్ వదిలే ముందే తీసుకోండి. పట్టుబడిలో వాటాగానో, కౌంట్‌ను (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను) బట్టో ఒప్పుకోకండి. వెనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలు సాగుతుంది, ఆ చివర్లో దొరికే ధర మీ చేతిలోనూ రైతు చేతిలోనూ ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, గుంటలో రొయ్య బాగున్నా రైతు దిగాలుగా కూర్చోవలసి వచ్చింది. అటువంటి పంటలో పూర్తి రుసుము చివరికి మిగిలిపోయి ఉంటే, ఆ మనిషిని అడగడానికి మీకే మనసు రాదు.

రాతపని విషయంలో మాత్రం ఎంత జాగ్రత్తపడినా ఎక్కువ కాదు. ప్రతి గుంట షెడ్డులో ఒక నోటుపుస్తకం పెట్టించి తేదీ, పీహెచ్, ఆల్కలినిటీ, లవణత, చెక్ ట్రేలో చూసినది, మీరు చెప్పిన సలహా అన్నీ రాసి, ఆ పేజీని ఫోటో తీసుకోండి. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది కనుక, ఎండెక్కాక కొలిచి బాగుందనుకోకుండా ఆ వేళే కొలవాలి. 4 పీపీఎం కంటే దిగువకు పోతుంటే నీటికి గాలి అందించే ఏరేటర్ల సంగతి అప్పటికప్పుడు చూడాలి. గుంట చెడిపోయి నింద మీ మీదకు వచ్చినప్పుడు ఆ పుస్తకమే మీ సాక్ష్యం. కొన్ని పంటల తర్వాత, ఫలానా కాలువ నీరు ఏ నెలలో ఎలా మారుతుందో చెప్పగలిగేది మీరొక్కరే అవుతారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత యాంటీబయాటిక్‌లను ఎవరు ఎంత బతిమాలినా రాయకండి. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకును తిప్పి పంపుతారు, ఆ దెబ్బ మొత్తం ప్రాంతం మీద పడుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు లవణత పడిపోతుంది, చాలామంది సీడ్ వదలరు, మీ ఆదాయమూ తగ్గుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకొనే దిగండి. ఆ నెలల్లో సీడ్ ఎంపికకు రైతుల వెంట హేచరీలకు వెళ్లడం, మట్టి పరీక్షలు, పెద్ద ఫారాల సిబ్బందికి శిక్షణ వంటి పనులు చూసుకోవచ్చు. కంపెనీ కట్టే పీఎఫ్ ఇక ఉండదు కాబట్టి పీపీఎఫ్ గానీ ఎన్‌పీఎస్ గానీ మొదలుపెట్టి, ఆరోగ్య బీమాను ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి.

పన్ను గురించి భయపడవలసింది లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ సెక్షన్ కింద వచ్చి, 2025 నాటి కొత్త చట్టంలోనూ కొనసాగుతున్న వెసులుబాటు సాంకేతిక సలహా వృత్తికి వర్తిస్తుంది. వసూళ్లు 50 లక్షల లోపు ఉంటే అందులో సగాన్ని ఆదాయంగా చూపవచ్చు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే ఆ పరిమితి 75 లక్షలు. ముందస్తు పన్నును మార్చి 15 లోపు ఒకేసారి కట్టాలి. సేవలకు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు అవసరం. చిన్న సంస్థలకు ఉద్దేశించిన ఉద్యమ్ నమోదు ఉచితం, దాన్ని చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం హేచరీలు, ఫారం కంపెనీలు మీకు 45 రోజుల్లోపు చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు మీకుంటుంది.

ఎప్పుడు మానేయాలన్నారు కాబట్టి, వేసవి పంటకు ఫిబ్రవరి, మార్చిలలో సీడ్ వదులుతారు కనుక జనవరి సరైన సమయం. అంతకుముందే మీ నియామక పత్రంలో పోటీ పనిపై ఏ షరతు ఉందో ఒకసారి చదువుకోండి. ఇప్పటి కంపెనీ రైతులను వేరే మేత వైపు తిప్పే పని పెట్టుకోకండి, మీ దగ్గర సలహా తప్ప అమ్మేదేమీ లేదని వారికి తెలియాలి. ఒకే కాలువ మీద ఉన్న నలుగురైదుగురు రైతులు మొదటి విడత రుసుము చేతికిచ్చిన తర్వాతే రాజీనామా లేఖ ఇవ్వండి.