డిస్క్ పెరిగింది, సీ డ్రైవ్ పెరగలేదేం?

ప్రశ్న: మాస్టారూ, పూర్ణా మార్కెట్‌లో మాది హోల్‌సేల్ కిరాణా. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు. రాసిచ్చినాయన ఇప్పుడు ఊళ్లో లేడు. అందుకని కొత్త కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, అందులో ఎక్స్‌పీ నడుపుతున్నాం. డిస్క్ 10 జీబీ. సీ 6, డీ 4. సీలో 150 ఎంబీ కూడా మిగల్లేదు, బిల్లు ప్రింట్ కొడితే వేలాడిపోతోంది. మా అబ్బాయి డిస్క్‌ను 30 జీబీ చేశాడు. తీరా ఎక్స్‌పీ తెరిస్తే సీ అదే 6! ఏదో సీడీతో బూట్ చేయాలంటున్నారు. బిల్లులన్నీ డీలో ఉన్నాయి, చెయ్యి పెట్టాలంటే భయం.
— ఒక వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చేసింది తప్పు కాదండీ, సగం పని. వర్చువల్‌బాక్స్‌లో డిస్క్ పెంచితే డిస్కే పెరుగుతుంది. అందులో గీసుకున్న పార్టిషన్ల, అంటే సీ, డీ లాంటి భాగాల, గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త 20 జీబీ చివర ఖాళీగా పడి ఉంది, ఎవరికీ చెందకుండా.

మీ దగ్గర ఇంకో చిక్కుంది. జనరల్ బోగీలో బల్ల గుర్తు తెచ్చుకోండి. కిటికీ పక్కన సీ, దాని పక్కన డీ. అటు చివర ఖాళీ అయింది. సీ కాళ్లు చాపుకోవాలంటే మధ్యలో ఉన్న డీ ముందు జరగాలి. పార్టిషన్ పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుకోగలదు, ఒకదాని మీంచి ఇంకోదానికి దూకలేదు. విండోస్ విస్టా నుంచి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పెంచే సదుపాయం ఉంది గానీ అదీ ఆనుకుని ఉంటేనే. ఎక్స్‌పీకైతే తాను బూట్ అయిన పార్టిషన్‌ను తానే పెంచుకోవడం చేతకాదు. అందుకే బయటినుంచి వేరే సీడీతో బూట్ చేయాల్సి వస్తుంది. నేను వాడేది జీపార్టెడ్ లైవ్, పార్టిషన్లు జరిపే సాఫ్ట్‌వేర్. ఉచితం. సీడీ కాల్చక్కర్లేదు, సీడీ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్‌ఓ ఫైల్ దింపుకుంటే చాలు.

అంతకంటే ముందు కాపీ. ఈ మాట మీద నాకు కాస్త పట్టుదల ఎక్కువ, కారణం చెబుతాను. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు ఆపేసింది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ తర్వాత దొండపర్తిలో మా షాపు నిండా తడిసిన సీపీయూలే. బోర్డులు పోయినా కొన్ని హార్డ్ డిస్కులు బతికాయి. వాటిని వర్చువల్ డిస్కులుగా మార్చి కొత్త కంప్యూటర్లలో పెట్టి ఇచ్చాను. అలాంటి ఒకదానిలో, ఇప్పుడు మీకు చెప్పబోతున్నట్టే డీని జరుపుతున్నాను. అద్దె జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. గీత కదులుతూ కదులుతూ 61 శాతం దగ్గర ఆగింది. స్క్రీన్ నల్లబడ్డాక కూడా ఆ అంకె కళ్ల ముందే ఉంది. సగం డేటా పాత చోట, సగం కొత్త చోట. మూడేళ్ల బిల్లులు. ఆ తడిసిన అసలు డిస్క్ ఇంకా పని చేస్తుండబట్టి రెండు రోజులు కూర్చుని మళ్లీ మొదటినుంచీ చేశాను. అంతకుముందు ఒక్క కాపీ తీసి ఉంటే పావుగంట పని.

వర్చువల్ మెషీన్‌లో ఉన్న సుఖమే అది. మీ మొత్తం డిస్క్ ఒకే ఒక్క ఫైలు, చివర వీడీఐ అని ఉంటుంది. ఎక్స్‌పీని షట్‌డౌన్ చేయండి. కిటికీ మూసేటప్పుడు 'సేవ్ ద మెషీన్ స్టేట్' అంటుంది చూడండి, అది వద్దు. నిద్రపోతున్న మెషీన్ డిస్క్‌ను కదిలిస్తే లేచాక ఏమీ గుర్తుపట్టలేదు. షట్‌డౌన్ అయ్యాక ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌కో బయటి హార్డ్ డిస్క్‌కో కాపీ చేయండి. వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితికి గుర్తు) తీశాం కదా అంటారు కొందరు. అది కాపీ కాదు. పైగా స్నాప్‌షాట్లు ఉన్న మెషీన్‌లో డిస్క్ సైజు పెంపు సరిగ్గా అందదు. ఉంటే ముందు వాటిని డిలీట్ చేసి విలీనం చేయండి.

ఇక సీడీ. మీ ఎక్స్‌పీ మెషీన్ 32 బిట్. దానికి 64 బిట్ జీపార్టెడ్ తగిలిస్తే 'ఎక్స్86-64 సీపీయూ కావాలి' అని ఆగిపోతుంది. ఎక్స్‌పీ మెషీన్ సెట్టింగులు గెలకొద్దు. 64 బిట్ లినక్స్ రకంతో తాత్కాలికంగా ఇంకో మెషీన్ సృష్టించి, కొత్త డిస్క్ ఇవ్వకుండా మీ వీడీఐనే తగిలించండి. సీడీ డ్రైవ్‌లో ఐఎస్‌ఓ పెట్టి ఆన్ చేయండి. ఎక్స్‌పీ మెషీన్ మాత్రం ఆఫ్‌లోనే ఉండాలి.

మొదటి మెనూలో ఎంటర్. తర్వాత కీబోర్డు, భాష, డిస్‌ప్లే గురించి అడిగే వాటన్నిటికీ ఎంటరే. పైన పొడుగాటి పట్టీ వస్తుంది. వాడిన భాగం పసుపు, పార్టిషన్‌లో ఖాళీ తెలుపు, ఎవరికీ చెందని స్థలం బూడిద రంగు. ఎక్స్‌పీ మామూలుగా డీని ఎక్స్‌టెండెడ్ అనే పెట్టెలో పెడుతుంది కాబట్టి వరస ఇది: ముందు ఆ పెట్టె కుడి అంచును చివరిదాకా లాగండి. లోపలి డీని కుడివైపు చివరికి జరపండి. పెట్టె ఎడమ అంచును డీ దాకా తెచ్చి ఆనించండి. అప్పుడు బూడిద రంగు సీ పక్కకు వస్తుంది. సీ కుడి అంచును దాని మీదికి లాగండి. సీ ఎడమ అంచు మాత్రం వెంట్రుకవాసి కూడా కదలకూడదు. 'ఫ్రీ స్పేస్ ప్రిసీడింగ్' గడిలో ముందున్న అంకె అలాగే ఉందో లేదో చూడండి. సీ మొదలయ్యే చోటు మారితే ఎక్స్‌పీ లేవకపోవచ్చు.

ఇదంతా చేశాక చాలామంది కిటికీ మూసేసి, ఏమీ మారలేదని ఫోన్ చేస్తారు. మారదు మరి. మీరు చేసినవన్నీ కింద జాబితాలో వేచి ఉంటాయి, 'అప్లై' టిక్ నొక్కేదాకా డిస్క్ మీద చుక్క కూడా పడదు. మనసు మారితే 'అన్‌డూ' ఉంది. నొక్కాక మాత్రం వెనక్కి లేదు. యూపీఎస్ మీద పెట్టి నొక్కండి. సీ పెరగడం నిమిషం పని, డీ జరగడానికే సమయం పడుతుంది. మీ వీడీఐ ఫైలు కూడా నాలుగు జీబీ దాకా ఉబ్బవచ్చు, అందుకు అసలు కంప్యూటర్లో చోటుందో లేదో ముందే చూసుకోండి.

అయ్యాక ఆ తాత్కాలిక మెషీన్‌ను ఆపి, దాన్నుంచి వీడీఐని విడదీయండి. తర్వాత మెషీన్‌ను లిస్టులోంచి తీసేయండి, ఫైళ్లు కూడా చెరిపెయ్యనా అంటే వద్దనండి. ఎక్స్‌పీ ఆన్ చేయగానే నీలం తెర మీద డిస్క్ చెకింగ్ మొదలవుతుంది. కంగారుపడి ఏ మీటా నొక్కకండి, జీపార్టెడే అలా ఏర్పాటు చేసి పోతుంది. లోపలికి వెళ్లాక కొత్త హార్డ్‌వేర్ దొరికింది, రీస్టార్ట్ చేయమంటే చేసేయండి. డీ మొదలయ్యే చోటు మారింది కాబట్టి ఎక్స్‌పీ దానికి వేరే అక్షరం ఇచ్చినా ఇవ్వవచ్చు. అలాగైతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మళ్లీ డీ అని మార్చండి, లేదంటే బిల్లింగ్‌కు డేటా కనబడదు.

రెండు మూడు పాత బిల్లులు తెరిచి, ఒక కొత్త బిల్లు ప్రింట్ తీయండి. కాపీని మాత్రం ఈ నెల జీఎస్టీ రిటర్న్ వేసేదాకా చెరపకండి.